క్షతగాత్రుని అర్జీ
(ప్రసంగ పాఠం)

రాయపూర్ నగరానికి ఉత్తర దిశలో, బీర్‌గావ్‌ను ఆనుకొని ఉన్న ఉర్లా ఛత్తీస్‌గఢ్‌లోని ముఖ్యమైన పారిశ్రామిక ప్రాంతాలలో ఒకటి. ఇనుప దిమ్మెలను ఎర్రగా కాల్చి కడ్డీలుగా సాగదీసే రోలింగ్ మిల్లులు, కొలిమిశాలలు, వాటిని ఆశ్రయించుకొన్న చిన్న చిన్న యంత్రశాలలు అక్కడి జీవనానికి ఆధారం. పని వెదుక్కొంటూ వచ్చినవారి వల్ల ఛత్తీస్‌గఢీ, ఒడియా, భోజ్‌పురి, తెలుగు మాటలు అక్కడ ఒకే టీ దుకాణం ముందు వినిపిస్తాయి. ఇటువంటి చోట కర్మాగారపు గేటు వద్ద నిటారుగా నిలబడే కావలివాడు చాలా సందర్భాలలో ఒకప్పటి సైనికుడై ఉంటాడు. సిపాయికి పదవీ విరమణ వయస్సు చిన్నది. పిల్లల చదువులు పూర్తికాకముందే సైన్యం నుంచి వచ్చేసినవాడు రెండవ ఉద్యోగం చూచుకోక తప్పదు.

అటువంటి వారిలో ఒకాయన, యుద్ధంలో గాయపడినవాడు, ఆ గాయానికి గుర్తుగా రావలసిన పతకం తనకు రాలేదని గ్రహించి ప్రభుత్వానికి వ్రాసుకోదలచాడని ఊహించవచ్చు. ఆ ప్రాంతంలో అర్జీని ఆవేదన్ పత్ర్ అంటారు. తెలుగు చెవికి ఈ మాట విచిత్రంగా తోస్తుంది. సంస్కృతంలో ఆవేదనమంటే తెలియజేయడం. హిందీ ఆ మూలార్థాన్నే నిలుపుకొన్నది. తెలుగు ఆ మాటకు మనోవ్యథ అనే అర్థాన్ని కల్పించుకొన్నది. గాయపడిన సైనికుని అర్జీ విషయంలో మాత్రం రెండు భాషల అర్థాలూ ఒకే కాగితం మీద కలిసి కనిపిస్తాయి. ఆయన ఒక విషయం తెలియజేస్తున్నాడు. ఆ తెలియజేయవలసి రావడమే ఆయనకు బాధ.

ఎందుకు బాధ? పతకాన్ని అడిగి పుచ్చుకోవడం సిగ్గుచేటని సైనికులలోనూ, సామాన్యులలోనూ ఒక భావం పాతుకొని ఉన్నది. వీరత్వం తనంత తాను ప్రకాశించాలని, అడిగితే దాని విలువ తగ్గుతుందని అనుకొంటారు. ఈ భావం కొన్ని పతకాల విషయంలో సమంజసమే. గాయ పతకం విషయంలో అది పూర్తిగా పొరపాటు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే ఎందరో వృద్ధ సైనికులు నోరు మెదపకుండా ఉండిపోతారు.

స్వతంత్ర భారతంలో పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర అనే మూడు యుద్ధకాల శౌర్య పురస్కారాలను 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. శాంతికాలపు సాహసానికి ఉద్దేశించిన అశోక చక్ర శ్రేణి 1952లో ఏర్పడింది; దానిలోని రెండవ, మూడవ తరగతులకు 1967లో కీర్తి చక్ర, శౌర్య చక్ర అనే పేర్లు వచ్చాయి. ఇవన్నీ ఒకరు చూచి, మెచ్చి, సిఫారసు చేయగా వచ్చేవి. కమాండింగ్ అధికారి వ్రాసిన కథనం పై మెట్లు ఎక్కుతుంది. ప్రతి మెట్టు మీదా తూకం వేస్తారు. ఎవరి సాహసం ఎంతటిది అన్నది తీర్పుకు సంబంధించిన విషయం కనుక, నాకు ఫలానా చక్ర ఇవ్వండని అడగడం సైనిక మర్యాదకు సరిపడదు. న్యాయస్థానాలు కూడా అటువంటి తూకంలో తలదూర్చడానికి సాధారణంగా ఇష్టపడవు.

మరొక వర్గం పతకాలున్నాయి. ఫలానా యుద్ధకాలంలో ఫలానా ప్రాంతంలో పనిచేసిన ప్రతివారికీ దక్కేవి అవి. 1965 యుద్ధానికి సమర సేవా స్టార్, రక్షా మెడల్. 1971 యుద్ధానికి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఈ కోవలోనివి. ఇక్కడ తూకం లేదు, లెక్క మాత్రమే ఉన్నది. నిర్ణీత దినాలలో నిర్ణీత ప్రాంతంలో ఉన్నాడా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న.

ఈ రెండింటి నడుమ గాయ పతకం నిలుస్తుంది. 1971 యుద్ధం ముగిసిన తరువాత, 1973లో దీనిని నెలకొల్పినప్పుడు ఆంగ్లంలో ఊండ్ మెడల్ అనే అన్నారు. తరువాత పరాక్రమ్ పదక్ అని పేరు మార్చారు. శత్రువు ప్రత్యక్ష చర్య వల్ల ఏ రకమైన సైనిక చర్యలోనైనా, లేదా తిరుగుబాటుదారులను ఎదుర్కొనే చర్యలోనైనా గాయపడినవారికి ఇది వర్తిస్తుంది. శత్రువు దెబ్బకు విమానం గాలిలోనే ధ్వంసం కాగా, పారాచూట్‌తో దూకే ప్రయత్నంలో గాయపడిన వైమానికులకు కూడా అర్హత కల్పించారు. ఇందులో సాహసాన్ని తూచే పని లేదు. గాయం అయినదా, శత్రువు వల్ల అయినదా అన్నవే ప్రశ్నలు. అవి వాస్తవాలకు సంబంధించినవి. వాస్తవాన్ని గుర్తుచేయడానికి ఎవరూ సంకోచించనవసరం లేదు.

పేరు మార్పు గురించి ఒక మాట. పరాక్రమమన్న శబ్దం గంభీరమైనదే. అయినా పాత పేరే నిజానికి దగ్గరగా ఉన్నది. తుపాకి పేలుస్తున్నవానికీ, గాయపడినవారిని స్ట్రెచరు మీద మోస్తున్నవానికీ, వంటశాలలో రొట్టెలు కాలుస్తున్నవానికీ ఫిరంగి గుండు ఒకే విధంగా తగులుతుంది. ఆ వంటవాడు పరాక్రమం చూపాడా అని ఎవరూ అడగరు, అడగకూడదు. పరాక్రమమనే పేరు వల్ల, తానేదో ఘనకార్యం చేశానని చెప్పుకొంటున్నట్లు అవుతుందేమోనని వెనుకాడే సైనికుడు ఉండవచ్చు. గాయమన్న పేరుకు ఆ ఇబ్బంది లేదు. తెలుగులోకి తేవలసి వచ్చినప్పుడు పరాక్రమ పతకమని అధికారిక నామాన్ని ఉంచుతూనే, పక్కన గాయ పతకమని వివరించడం ఉచితం.

సైనిక గౌరవాలకు రాజ్యాంగంలోనే ఒక ప్రత్యేక స్థానమున్నదని విద్యార్థులు గమనించాలి. రాజ్యం బిరుదులను ప్రదానం చేయరాదని 18వ అధికరణం నిషేధించినది. రావు బహద్దూర్లు, ఖాన్ బహద్దూర్ల కాలం దానితో ముగిసింది. కాని ఆ నిషేధం నుంచి సైనిక, విద్యాసంబంధమైన విశిష్టతలను మినహాయించారు. పట్టభద్రుని పట్టానూ, సైనికుని పతకాన్నీ రాజ్యాంగ నిర్మాతలు ఒకే వాక్యంలో కూర్చోబెట్టారు. విశ్వవిద్యాలయం నుంచి రావలసిన పట్టా రాకపోతే విద్యార్థి వ్రాసి అడుగుతాడు. దానిని ఎవరూ యాచన అనరు.

గాయాన్ని వస్త్రం మీద గుర్తుగా ధరించే ఆచారం మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యంలో స్థిరపడింది. 1916 నుంచి గాయపడినవారు ఎడమ చేతి మీద చిన్న బంగారు రంగు పట్టీని నిలువుగా కుట్టుకొనేవారు. ఆ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి పోరాడారు. సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. ఫ్రాన్సు కందకాలలో గాయపడిన భారత సైనికులలో కొందరికి ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణంలో, ఒకప్పటి రాజభవనంలోనే చికిత్స జరిగింది. 1915 ఏప్రిల్‌లో ఈప్ర్ యుద్ధభూమిలో విషవాయువును భరిస్తూ సహచరులను మోసుకువచ్చిన జమాదారు మీర్ దస్త్‌కు అయిదవ జార్జి చక్రవర్తి అదే సంవత్సరం ఆగస్టులో ఆ భవనంలోనే విక్టోరియా క్రాస్ తొడిగాడు. చక్రవర్తి ఎదుట నిలిచిన ఆ అఫ్రిదీ పఠాను తన కోసం ఏమీ అడగలేదు. గాయపడి కోలుకొన్న సిపాయిలను మళ్ళీ ముందు వరుసకు పంపవద్దని మనవి చేశాడు. సామ్రాజ్యంలోని అత్యున్నత పతకం ఛాతీ మీద ఉండగా వినిపించిన ఆ మనవి, అన్ని పతకాల కంటె గాయపడినవాని క్షేమం ముందుదని గుర్తుచేస్తుంది. మీర్ దస్త్‌ను విషవాయువు ప్రభావం ఆ తరువాత కూడ వదలలేదు.

అర్జీ పెట్టుకొని పతకం పొందడం అమెరికాలో మొదటి నుంచీ పద్ధతిగానే ఉన్నది. జార్జి వాషింగ్టన్ 1782లో సామాన్య సైనికుల కోసం ఒక గుడ్డ చిహ్నాన్ని ఏర్పాటు చేశాడు. మరుగున పడిన దానిని ఆయన ద్విశత జయంతి రోజున, 1932 ఫిబ్రవరి 22న, పర్పుల్ హార్ట్ పేరుతో పునరుద్ధరించారు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి పదమూడేళ్ళు దాటింది. గాయపడినవారు ఊళ్ళలో వ్యవసాయాలు, వ్యాపారాలు చేసుకొంటున్నారు. వారంతా యుద్ధశాఖకు దరఖాస్తు చేసుకోవచ్చునని ప్రకటించారు. తమ గాయానికి ఆధారమున్నవారు అడిగారు, పొందారు. ఎవరూ తలవంచుకోలేదు.

ఆధారం అన్న మాట దగ్గరే చిక్కంతా ఉన్నది. గాయం శరీరం మీద ఉంటుంది. సాక్ష్యం కాగితం మీద ఉంటుంది. యుద్ధభూమిలో ఒక సిపాయి గాయపడితే యూనిట్ ఆ సంగతిని పైకి తెలియజేస్తుంది. పార్ట్ టూ ఆర్డర్ అనే ఉత్తర్వులో అది నమోదవుతుంది. శత్రుచర్య వల్ల కలిగినదైతే బ్యాటిల్ క్యాజువల్టీ అని, ఇతర కారణాల వల్లనైతే ఫిజికల్ క్యాజువల్టీ అని వేరువేరుగా వ్రాస్తారు. ఆసుపత్రిలో కేసు పత్రం, తరువాత వైద్య మండలి నివేదిక తయారవుతాయి. గుండ్ల వర్షంలో ఒక గుమాస్తా హడావుడిగా వ్రాసిన ఆ ఒక్క మాట మీద ముప్పై, నలభై ఏళ్ళ తరువాత పతకమే కాక, యుద్ధగాయపు పింఛను కూడా ఆధారపడుతుంది. మాట తప్పు పడినా, ఉత్తర్వు ప్రచురణ కాకపోయినా, యూనిట్ ఒక చోటి నుంచి మరొక చోటికి కదలుతున్నప్పుడు పెట్టె ఒకటి తప్పిపోయినా, తుంటిలో ఇనుపముక్కతో తిరుగుతున్న మనిషి గాయపడనివానితో సమానమౌతాడు. మంచు వల్లనో, విరిగిపడిన కొండచరియ వల్లనో అవయవం పోగొట్టుకొన్నవాడు ప్రత్యక్ష శత్రుచర్య అనే నిర్వచనానికి ఎలాగూ వెలుపలే నిలుస్తాడు. ఆ సరిహద్దు గీత న్యాయమైనదా అన్నది వేరే చర్చ.

ఇక ఉర్లా నుంచి బయలుదేరిన అర్జీ దారి చూడవచ్చు. అది ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి చేరుతుంది. అక్కడ సర్వీసు సంఖ్య, పదవి, రెజిమెంటు సరిచూచి, సైనికుడు ఏ విభాగంలో పనిచేశాడో ఆ విభాగపు రికార్డుల కార్యాలయానికి పంపుతారు. ఆయన ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజనీర్ల దళమైన ఇ.ఎం.ఇ.లోనో, ఆయుధ సామగ్రి దళమైన ఎ.ఒ.సి.లోనో పనిచేసి ఉంటే ఆ అర్జీ సికిందరాబాదుకు వస్తుంది. ఈ రెండు దళాల రికార్డుల కార్యాలయాలూ అక్కడే ఉన్నాయి. పంజాబు రైతు బిడ్డ, కేరళ జాలరి కొడుకు, ఛత్తీస్‌గఢ్ గోండు యువకుడు, ఎవరు ఆ దళాలలో చేరినా వారి సేవాపత్రాలు తెలుగు నేల మీద భద్రంగా ఉంటాయి. జంట నగరాలలో తిరిగేవారికి తిరుమలగిరి రోడ్డు మీద కనిపించే గోడల వెనుక దేశంలోని వేలాది కుటుంబాల చరిత్ర ఉన్నదన్న సంగతి తెలియకపోవచ్చు.

కాగితాలు నశిస్తే ఏమౌతుంది? భారత ప్రభుత్వం గాయ పతకాన్ని నెలకొల్పిన 1973లోనే, జూలై 12న, అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో సైనికుల పత్రాల భాండాగారం తగులబడింది. 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల వరకు వ్యక్తిగత దస్త్రాలు బూడిదయ్యాయి. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ, కొరియాలోనూ పోరాడిన భూసైనికులలో అత్యధికుల సేవాపత్రాలు వాటిలో ఉన్నాయి. అప్పుడు అక్కడి ప్రభుత్వం పత్రం లేదు కనుక గాయం లేదని చేతులు దులుపుకోలేదు. జీతాల చిట్టాలు, ఇతర కార్యాలయాలలో మిగిలిన నకళ్ళు వెదికి, నీటిలో నానిన, అంచులు కాలిన కాగితాలను కూడా ఆరబెట్టి, దస్త్రాలను తిరిగి కూర్చే పనికి పూనుకొన్నది. వెదకవలసిన బాధ్యత కాగితాన్ని దాచుకొన్న కార్యాలయానిది కాని, దానిని ఎన్నడూ కంటితో చూడని సిపాయిది కాదన్న సూత్రం ఈ పనిలో ఉన్నది.

అడిగి, కాదనిపించుకొని, అర్ధ శతాబ్దం తరువాత పొందిన ఒక భారత సైనికుని కథ ఇక్కడ చెప్పుకోదగినది. ఆయన అడిగినది గాయ పతకం కాదు, క్రీడా పురస్కారం. అయినా గాయం లేకుండా ఆ కథ లేదు. మురళీకాంత్ పేట్కర్ 1944 నవంబరు 1న మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా పేఠ్ ఇస్లాంపూర్‌లో జన్మించాడు. ఇ.ఎం.ఇ. దళంలో క్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, సికిందరాబాదులో ముష్టియుద్ధ క్రీడాకారునిగా పేరు తెచ్చుకొన్నాడు. 1965లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో ఆయన శరీరంలో పలు తూటాలు దిగబడ్డాయి. వెన్నెముకకు తగిలిన దెబ్బతో కాళ్ళ చలనం పోయింది. ఇరవై ఒక్క ఏళ్ళ వయస్సు నిండని ముష్టియోధునికి అంతకంటె దారుణమైన దెబ్బ ఉండదు.

చికిత్సలో భాగంగా నీటిలోకి దింపితే ఆయన ఈతను వశం చేసుకొన్నాడు. 1968లో ఇజ్రాయెల్‌లో జరిగిన పారాలింపిక్ క్రీడలలో టేబుల్ టెన్నిస్ ఆడి మొదటి రౌండు దాటాడు. 1972లో పశ్చిమ జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్ ఈతను 37.33 సెకండ్లలో ముగించి స్వర్ణ పతకం గెలిచాడు. అది ఆ తరగతిలో ప్రపంచ రికార్డు. పారాలింపిక్ క్రీడలలో భారతదేశానికి తొలి స్వర్ణం. ఒలింపిక్ క్రీడలలో వ్యక్తిగత స్వర్ణం కోసం దేశం 2008లో అభినవ్ బింద్రా తుపాకి పట్టే వరకు, మరి ముప్పై ఆరేళ్ళు, వేచి ఉండవలసి వచ్చింది. అయినా హైడల్‌బర్గ్ పేరు ఆనాడు దేశంలో ఎందరి చెవిని పడినది? పేట్కర్ పుణేలోని టెల్కో కర్మాగారంలో ఉద్యోగంలో చేరాడు. ఉర్లా గేటు దగ్గర నిలబడే మాజీ సైనికుని వలెనే ఆయనకూ రెండవ జీవితం ఒక కర్మాగారంలోనే దొరికింది.

అర్జున పురస్కారం 1961 నుంచి ఉన్నది. 1980ల ఆరంభంలో పేట్కర్ దాని కోసం చేసిన విన్నపాన్ని నిరాకరించారు. వికలాంగుల క్రీడలను క్రీడలుగా గుర్తించే కన్ను అప్పటికి తెరుచుకోలేదనడం సత్యదూరం కాదు. ఆ తరువాత కాలం మారింది, చూపు మారింది. 2018లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన జీవితం ఆధారంగా చందూ ఛాంపియన్ అనే హిందీ చలనచిత్రం విడుదలైంది. 2024 సంవత్సరపు అర్జున పురస్కారాన్ని, జీవితకాల కృషికి ఇచ్చే విభాగంలో, 2025 జనవరిలో రాష్ట్రపతి భవన్‌లో ఆయన అందుకొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు ఎనభై. స్వర్ణానికీ పురస్కారానికీ నడుమ యాభై రెండేళ్ళకు పైగా గడిచాయి. ఆలస్యమైనా న్యాయం జరిగింది కదా అని సంతోషించేవారున్నారు. ముప్పై ఏడు సెకండ్లలో ఒకడు ముగించిన పనిని గుర్తించడానికి అంత కాలం పట్టడమే చెప్పుకోవలసిన సంగతి. ఎనభై ఏళ్ళు బ్రతికే భాగ్యం గాయపడినవారందరికీ ఉండదు.

గాయపడినవారి అర్జీలన్నీ పతకాల కోసమే కావు. 1971లో సిల్హెట్ ప్రాంతంలో మందుపాతర మీద అడుగు పడి కాలు ఛిద్రమైన మేజర్ ఇయాన్ కార్డోజో ఖుక్రీతో ఆ కాలును తానే నరుక్కొన్నాడు. ఆ తరువాత ఆయనకు శస్త్రచికిత్స చేసినవాడు యుద్ధఖైదీగా పట్టుబడిన పాకిస్తానీ వైద్యుడు. ఆ వైద్యునికి స్వయంగా కృతజ్ఞత చెప్పుకోలేకపోయానన్న వెలితి కార్డోజోకు ఉండిపోయింది. కోలుకొన్న తరువాత ఆయన అడిగినది బెటాలియన్ నాయకత్వం. కొయ్యకాలు మనిషికి అది తగదన్నారు. పర్వత ప్రాంతాలలో తోటివారితో సమానంగా నడిచి చూపి, సైన్యాధిపతి జనరల్ టి.ఎన్. రైనా వరకు విషయాన్ని తీసుకొనిపోయి, దానిని సాధించాడు. బెటాలియన్‌కు నాయకత్వం వహించిన తొలి వికలాంగ అధికారిగా నిలిచి, మేజర్ జనరల్ హోదా వరకు ఎదిగాడు. అధికారికి అడిగే భాష ఉంటుంది, తలుపు తట్టే ధైర్యం ఉంటుంది. సిపాయికి ఆ రెండూ అరుదు. కృత్రిమ కాలు అమర్చడానికి పుణేలో 1944 నుంచి పనిచేస్తున్న కృత్రిమావయవ కేంద్రమున్నది. అర్జీ వ్రాసిపెట్టడానికి అటువంటి కేంద్రమేదీ లేదు.

తెలుగునాట సైనిక సంప్రదాయం కొత్తది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం గ్రామాన్ని, తరతరాలుగా సైన్యానికి యువకులను పంపిన కారణంగా, మిలిటరీ మాధవరమనే పిలుస్తారు. అటువంటి ఊళ్ళలో పాత ట్రంకుపెట్టె అడుగున మడత పెట్టి ఉంచిన డిశ్చార్జి పుస్తకానికి పొలం దస్తావేజుతో సమానమైన విలువ ఉన్నదని కుటుంబాలకు తెలియాలి. పతకం మంజూరైనదన్న వాక్యం కొన్నిసార్లు ఆ పుస్తకంలోనే ఉంటుంది. లోహపు బిళ్ళ మాత్రం చేతికి చేరి ఉండదు. పండుగనాడు కవాతుకు వెళ్ళవలసి వస్తే కంటోన్మెంటు బజారులో నకలు కొనుక్కొని తగిలించుకొన్న సిపాయిలు ఉన్నారు. అది వారి తప్పు కాదు.

అర్జీలో పెద్ద మాటలు అవసరం లేదు. సర్వీసు సంఖ్య, చేరిన తేదీ, గాయపడిన నాటి యూనిట్, సెక్టారు, తేదీ, మొదట చేర్చిన ఫీల్డ్ ఆసుపత్రి, అక్కడి నుంచి పంపిన పెద్ద ఆసుపత్రి, జరిగిన వైద్య మండలి, ఇప్పుడు అందుతున్న పింఛను ఉత్తర్వు సంఖ్య, ఇవి ఉంటే చాలు. తేదీ సరిగా గుర్తులేకపోతే అదే రోజున గాయపడిన సహచరుని పేరు సహాయపడుతుంది, ఎందుకంటే ఒకే ఉత్తర్వులో ఇద్దరి పేర్లూ ఉండే అవకాశమున్నది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోవాలి. రికార్డుల కార్యాలయం లేదని వ్రాస్తే, ఏ పత్రాన్ని వెదికితే లేదని తేలిందో అడగవచ్చు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఆ ప్రశ్నకు బలమిస్తున్నది. దాని తరువాత 2007 చట్టం క్రింద ఏర్పడిన సాయుధ దళాల న్యాయాధికరణం ఉన్నది; ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సైనికుల కేసులను దాని చెన్నై పీఠం వింటుంది.

కళాశాలలలోని ఎన్.సి.సి. విద్యార్థులు తమ వీధిలోని ఒక వృద్ధ సైనికుని ఎదుట కూర్చొని ఈ వివరాలను శుభ్రమైన అక్షరాలలో వ్రాసిపెట్టగలరు. ఆయన హిందీలో చెబితే హిందీలోనే, తెలుగులో చెబితే తెలుగులోనే ముందు వ్రాయాలి. గాయం గురించి చెప్పేటప్పుడు మనిషి తన మాతృభాషలోకి జారిపోతాడు. తేదీలూ, తోటివారి పేర్లూ అప్పుడే సరిగా జ్ఞాపకం వస్తాయి. కార్యాలయం కోరిన భాషలోకి మార్చే పని తరువాత చేయవచ్చు.